నూతి వైపు గడ్డి

దాసూ,

ఏడింటి బస్సుకి మీ అన్నయ్య దగ్గరికి, ఆస్పత్రికి వెళ్తున్నాను. ఆయన వేసిన లాన్‌కి తెల్లారకముందే నీళ్లు పెట్టు, ఎండెక్కేక పెట్టకు. గడ్డి కొయ్యకు. ఈ ఎండల్లో పొడుగ్గా ఉంటేనే మొదళ్లలో తడి ఆగుతుంది. యూరియా జోలికి మళ్లీ వెళ్లకు. చెరుకు తోటకి చల్లినట్టు మిట్టమధ్యాహ్నం గుప్పిళ్లతో చల్లేవు, గుమ్మం పక్కన సగం మాడిపోయింది. మంచికే చేసేవని తెలుసు.

రాత్రి నిన్ను అంతేసి మాటలన్నది గడ్డి గురించి కాదు. ఇంక చెయ్యడానికేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పేరు. నీ మొహం చూసి ఆ మాట అనలేకపోయేను. శుక్రవారం తీసుకొస్తాను.

నిన్న నేను ఆస్పత్రి నుంచి బయల్దేరుతుంటే ఆయన "గడ్డి పచ్చగున్నాదేటి?" అని అడిగేరు. అప్పటికి నేను మాడింది చూడలేదు కదా, ఉన్నాదన్నాను. మంచం వరండాలో నూతి వైపు తిప్పి వెయ్యి. అటు ఇంకా పచ్చగానే ఉంది.

అన్నం, చారు వంటింటి గట్టు మీద ఉన్నాయి. తిను.

వదిన

మాడిన గడ్డి పీకెయ్యకు. వేళ్లు బతికుంటే వానలకి మళ్లీ చిగురేస్తుంది. ఆ చిగురు ఆయన చూడరు. అయినా పీకకు.