రేకుల సంగతి

గెసారే నాన్నగారికి,

ప్రభువు పేరిట మీ ఇల్లాలి వందనాలు. ఇక్కడ నేను, గెసారే, అత్తయ్య, ఆవు, దాని దూడ అందరం చల్లగా ఉన్నాం. మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం మన అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఎందుకో కింద చెబుతాను.

ఉగాండా సరిహద్దులో మలాబా దగ్గర కూర్చుని మీరు రాసిన ఉత్తరం అందింది. మొకువా సెలవు మీద ఊరికి వస్తూ తనే తెచ్చి ఇచ్చాడు. మీ వెనకాలే మొంబాసా నుంచి కంపాలాకు లారీ తోలే మనిషి కాబట్టి మీ కబుర్లు అడగొచ్చని కూర్చోబెట్టి టీ ఇచ్చాను. మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. గెసారే దగ్గు తగ్గింది. అత్తయ్య నీలగిరి ఆకు మరిగించి దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. పిల్ల పెట్టిన గోలకి దగ్గే భయపడి పారిపోయిందని ఆవిడ అందరికీ చెప్పుకుంటోంది. ఆవు పెయ్యదూడను వేసింది. కోడెదూడ అని మీరు పందెం కాశారు, ఓడిపోయారు. వానలు మొదలయ్యాయి. టీ తోటలో చిగురు పోటీపడి వస్తోంది. మన కొత్త ఇంటి గోడలు ఎంతవరకు లేచాయి, కప్పుకి రేకులు వచ్చాయా అని రెండుసార్లు అడిగారు. న్యకుంది మేస్త్రి గోడలు కిటికీల పైదాకా లేపాడు. రేకులూ వచ్చాయి. వాటి సంగతి చివర్లో చెబుతాను. ముందు నా మాట వినండి.

మీ ఉత్తరంలో రేకుల మాటకీ సిమెంటు బస్తాల మాటకీ మధ్య ఒక ముక్క ఇరికించారు. సల్గా దగ్గర కొండ దిగుడులో కాస్త కునుకు పట్టింది, దేవుడి దయవల్ల ఏం కాలేదు అని. ఆ ముక్క చదివి నేను మొకువా మొహం చూశాను. అతను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. చెప్పేదాకా రెండో గ్లాసు పొయ్యనన్నాను. అప్పుడు చెప్పాడు. లారీ అవతలి వైపుకు దాటిపోయి, ముందు చక్రం ఒకటి లోయ మీద గాల్లో ఆగిందట. వెనక వస్తున్న వాళ్ళంతా తాళ్ళు కట్టి లాగారట. మీరు కాసేపు రోడ్డు పక్కన కూర్చుని, నిద్ర రాకుండా మిరా ఆకు ఇంకో పిడికెడు నోట్లో కుక్కుకుని మళ్ళీ ఎక్కేశారట.

"వదినా, వాడు సరిగ్గా పడుకుని ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు" అన్నాడు మొకువా. "కాసేపు ఆగరా అంటే, రేకులు ఎక్కేదాకా నాకు నిద్ర లేదు అంటాడు."

దాన్నా మీరు కాస్త కునుకు అని రాసింది? పిల్ల మోకాలు చెక్కుకుంటే నాలుగు వరసలు రాయమంటారే, మీ ప్రాణం అంచు దాకా పోయి వస్తే ఒక్క వరసేనా? నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

మీరెందుకు పరుగెడుతున్నారో నాకు తెలియక కాదు. మీ అన్న మొగాకా నైరోబీలో పోయినప్పుడు ఇక్కడ జరిగిందంతా మనిద్దరం పక్కపక్కన నిలబడి చూశాం. సొంత ఇల్లు కట్టుకోని మగవాణ్ణి మన దగ్గర ఊరికే మట్టిలో పెట్టరు. ఆయనకి ఉన్నది పెళ్ళికాక ముందు కుర్రాళ్ళుండే గుడిసె. పిల్లల తండ్రి శవాన్ని అందులోంచి ఎత్తకూడదన్నారు పెద్దలు. శవం దారిలో ఉండగానే మగవాళ్ళంతా కర్రలు పాతి, ఆడవాళ్ళం మట్టి మెత్తి, పైన గడ్డి పరిచి ఇల్లు అనిపించాం. పెట్టెను ఆ తడి గోడల మధ్య ఒక రాత్రి ఉంచి, తెల్లారి బయటికి తెచ్చి పక్కనే పూడ్చారు. మర్నాడే మీరు ఇటుకల కోసం మట్టి తవ్వడం మొదలుపెట్టారు. మనమూ అప్పటికీ, ఇప్పటికీ మీ కుర్రతనపు గుడిసెలోనే ఉన్నాం కదా. మీ భయం నాకు అర్థమైంది. అందుకే అప్పుడు నేనేమీ అనలేదు.

కాని అంతకు ముందు మీరు ఇలా ఉండేవారు కాదు. శుక్రవారం పొద్దు వాలి విశ్రాంతి దినం మొదలైందంటే ఎక్కడుంటే అక్కడే లారీ పక్కకు తీసి ఆపేవారు. తోటి డ్రైవర్లు పాస్టరుగారూ అని ఎగతాళి చేసేవారు. మీరు నవ్వి, చెట్టుకింద దుప్పటి పరుచుకుని, శనివారమంతా బైబిలు చదువుకుని, సాయంత్రానికి లేచి తోలేవారు. ఇప్పుడు ఏ వారమో కూడా మీకు గుర్తుండడం లేదని మొకువా చెబుతున్నాడు. ఆరు రోజుల్లో లోకాన్నంతా చేసిన దేవుడికే ఏడో రోజు ఆగడానికి తీరిక దొరికింది. మూడు గదుల ఇల్లు కట్టే నా మొగుడికి దొరకలేదు.

మీరేమో, నేను ఆగితే యజమాని ఆ సీటు ఇంకొకడికి ఇస్తాడు, దేవుడు మనల్ని కనిపెట్టుకుని ఉంటాడు, నువ్వు ప్రార్థన చెయ్యి అని రాశారు. దేవుడు చూసుకుంటాడని చెప్పి నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. మీరు మాత్రం ఆయన నిద్రపోతున్నట్టు, లోకం మీ స్టీరింగు మీదే తిరుగుతున్నట్టు తోలుతున్నారు. నమ్మకం నా వంతు, తొందర మీ వంతూనా? అలా పంచుకోవడానికి నేను ఒప్పుకోను.

నేనేమైనా తక్కువ తిన్నానా అంటే, లేదు. మేస్త్రి కూలి కోసం నేనూ శుక్రవారాలు పొద్దు గుంకాక కూడా చీకట్లో తడుముకుంటూ ఆకు కోశాను. మొకువా వచ్చి వెళ్ళిన శుక్రవారం మాత్రం కొండ మీద ఎండ పోగానే బుట్ట దించేశాను. ఇంకా సగం వరస మిగిలే ఉంది. పక్క తోటవాళ్ళు కోస్తూనే ఉన్నారు. బోసిబోరీ, ఒంట్లో బాగాలేదా అని ఒకావిడ కేకేసి అడిగింది. బాగానే ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాను. దారంతా నా చేతులు ఇంకా ఆకు కోస్తున్నట్టే ఆడుతున్నాయి.

ఆగినందుకు దేవుడు నా కోసం ఆ చిగురును లేతగా ఉంచుతాడేమో అని లోపల ఆశ ఉండింది, దాచడం ఎందుకు. ఉంచలేదు. సోమవారం కోసుకుపోతే, ఆకు తూచే షెడ్డు దగ్గర గుమాస్తా బుట్టలో చెయ్యి పెట్టి చూసి ముదిరిందని చాలా ఆకు పక్కన పారబోశాడు. అయినా ఆ శనివారం నాకు దొరికిందాన్ని ఎవరూ పారబొయ్యలేరు. చర్చి నుంచి వచ్చి గెసారేని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల అల్లుతూ చూస్తే, దాని ముందు పన్ను లేదు. ఎప్పుడూడిందే అంటే, ఎప్పుడో ఊడిందమ్మా, నీకు చెప్పాను కూడా, నువ్వు ఊఁ అన్నావు అంది. ఆ ఊఁ అన్నది నాకు గుర్తులేదు. మనిద్దరం ఇల్లు కడుతున్నామనుకుంటూ ఆ ఇంట్లో ఉండాల్సిన పిల్ల మొహం చూడడం మానేశాం.

ఇక రేకుల సంగతి.

ఆదివారం పొద్దున న్యకుంది మేస్త్రి రాగానే పని ఆపెయ్యమన్నాను. ముందు నవ్వాడు. తర్వాత, వానలు ముదిరితే గోడలు పాడైపోతాయని, ఇంకొక్క నెల ఓపిక పడితే చాలని నచ్చజెప్పాడు. నేను కదలకపోయేసరికి అతనికీ కోపం వచ్చింది.

"అమ్మా, ఇది మగాళ్ళ సంగతి. ఆయన వచ్చి చెప్పనీ, ఆపుతా."

"ఆయన రావాలనే ఆపమంటున్నా" అన్నాను.

పనిముట్లు మూట కట్టుకుని పోయాడు. పోయే ముందు గోడల మీద తడవకుండా అరటాకులు పరిచి రాళ్ళు పెట్టాడు. మంచి మనిషే. అతన్ని మీరు ఏమీ అనకండి.

గోడలు ఆపితే సరిపోదని నాకు తెలుసు. రేకులు మూల నిలబెట్టి ఉంటే, అవి మిమ్మల్ని పిలుస్తూనే ఉంటాయి. ఇంకొక్క ట్రిప్పు, ఇంకొక్క ట్రిప్పు అని మీరు తోలుతూనే ఉంటారు. అందుకని ఆ రేకులన్నీ అత్తయ్య ఇంటి మీద వేయించేశాను. పాత గడ్డి పీకించేసి, రేకులు పరిపించి మేకులు దిగ్గొట్టించాను. మేకు దిగిన రేకును దుకాణంవాడు వెనక్కి తీసుకోడు. ఆ మాట ముందే కనుక్కుని మరీ కొట్టించాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారు, మీరు వద్దన్నాక చేస్తే తగువు. అందుకని చేసి చెబుతున్నాను.

అత్తయ్య ఒప్పుకోవడం తేలిక కాలేదు. మొదట నా మీద విరుచుకుపడింది.

"మొగుడు కట్టించే ఇంటిని ఆపిన ఆడదాన్ని నా జన్మలో నిన్నే చూశానే. ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"కొత్త కప్పు కింద పెట్టుకోండి అత్తయ్యా. వాన పడినప్పుడల్లా కుండలు జరుపుకునే బాధ తప్పుతుంది" అన్నాను.

నవ్వలేదు. నేను సల్గా సంగతి చెప్పాను. మీరు ఆవిడకి చెప్పొద్దంటారని తెలుసు, అయినా చెప్పాను. చేతిలో ఉన్న బీన్స్ గంపలోకి వదిలేసింది. తర్వాత నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"మొగాకాకి ఒక్క పూటలో ఇల్లు లేపారే అందరూ కలిసి. వాడు బతికుండగా ఒక్కడూ ఒక్క కర్ర తెచ్చివ్వలేదు. ఆ ఇంటికి తలుపు కూడా పెట్టలేదు, చూశావా? లోపలికి వచ్చేవాడికి కట్టలేదు కదా మరి. రెండోవాడికి అలాంటిది నేను చూడను. ఎక్కించెయ్ రేకులు. వాడొచ్చి అరిస్తే నేను చూసుకుంటా."

కాబట్టి అరవాలంటే ముందు మీ అమ్మతో మొదలుపెట్టండి. ఊళ్ళో జనం నవ్వుతున్నారు, నిజమే. నీ మొగుడు గోడలు కట్టింది మేకలు దూకడానికా అని నీళ్ళ దగ్గర ఒకావిడ అంటే, అవునమ్మా, మీ మేకల్ని కూడా తోలుకురా అన్నాను. నవ్వు నన్నేం చెయ్యదు. మన ఇంటి మీద కొత్త రేకులు తళతళలాడుతుంటే, దాని ముందు కూర్చుని మీ కోసం ఏడ్చే రోజు వస్తుందేమో, అదొక్కటే నన్ను చంపుతుంది.

ఇల్లు వద్దనడం లేదు. నాకూ కావాలి, నాకూ సిగ్గే. కడదాం. టీ బోనసు వచ్చినప్పుడు నాలుగు వరసలు, ఆవు పాలు మిగిలినప్పుడు రెండు వరసలు. గెసారే పెళ్ళీడు దాకా పట్టినా పట్టనివ్వండి. మీరు మాత్రం వచ్చే శుక్రవారం పొద్దు వాలేసరికి ఎక్కడుంటే అక్కడే ఆగండి. ఆ మిరా ఆకు పారేసి పడుకోండి. యజమాని ఒప్పుకోకపోతే తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి బస్సెక్కి వచ్చెయ్యండి. ఆ తర్వాత మనకి ఎలా గడుస్తుందో నాకు తెలియదు. భయం లేదని అబద్ధం చెప్పను. పొద్దున్నే లేచి ఈ ఒక్క రోజుకీ చూడు తండ్రీ అని అడిగి, బుట్ట తీసుకుని తోటకి పోతున్నాను. ఇప్పటిదాకా ఏ రోజూ పస్తు లేదు. మీరూ అలాగే అడగండి, అడిగాక కాస్త ఆయనకీ పని వదిలిపెట్టండి.

మొకువా రేపు తిరిగి బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం మీ చేతిలో పెట్టి, మీరు ఆఖరి మాట దాకా చదివేవరకు మిమ్మల్ని లారీ ఎక్కనివ్వొద్దని చెప్పాను. మాట ఇచ్చాడు.

ఇల్లు లేని మగాడు చనిపోతే పరువు పోతుందని కదా మీ భయం. సరే. ఇప్పుడు మీకు ఇల్లు లేదు. దగ్గర్లో వచ్చేలా కూడా లేదు. అందుకని ఇప్పట్లో చనిపోవడానికి మీకు వీల్లేదు. నిదానంగా తోలుకుంటూ రండి.

ఇట్లు,
మీ గుడిసెలోనే మీ కోసం అన్నం వండే ఇల్లాలు,
గెసారే వాళ్ళమ్మ,
బోసిబోరి