అక్కా అంటే పలకను

మార్చి 3, సోమవారం
ఉదయం 5.00. ప్రార్థనలో దేవుడికి మాట ఇచ్చాను. ఇవాళ్టి నుంచి పది రోజులు గుండె వార్డులో ఎవరు "అక్కా" అని పిలిచినా పలకను.
ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు, ఒక తమ్ముడు. వాళ్ళకు అక్కనంటే అర్థముంది. వార్డులో పద్దెనిమిది మంచాలకూ అక్కనే! నిన్న లెక్కపెట్టాను. మధ్యాహ్నానికి డెబ్భై ఒక్కసార్లు. పిలుపు తియ్యగానే ఉంటుంది, దాని వెనకాలే బెడ్‌పాన్.
ఇకమీదట "నర్సింగ్ అసిస్టెంట్ గారూ" అనాలి. అందరికీ చెప్పేశాను.
సాయంత్రం. అద్భుతం! ఒక్కరూ పిలవలేదు. అంత పొడుగు పిలుపు పూర్తిచేసే ఊపిరి వాళ్ళకెక్కడిది?

మార్చి 4
ముగ్గురు "మేడమ్" అన్నారు. తొమ్మిదో మంచం ఆవిడ "పెద్దమ్మా" అంది. ఆవిడకు అరవై. క్షమించాను. ప్రార్థనలో మరోసారి క్షమించాను.
ఆరో మంచం బాకా మాస్టారు మాత్రం మారలేదు. "అక్కా!" బ్యాండులో బాకా ఊదిన గొంతు, కిటికీలు అదురుతాయి. ఆయనకు డెబ్భై ఆరు. నేను అక్కనట!

మార్చి 5
మాస్టారికి ఆపరేషనై నాలుగో రోజు. మంచం దిగరు. దిగితే ఛాతీ కుట్లు ఊడిపోతాయని భయం. దగ్గొస్తే దిండు గుండెకు హత్తుకుంటారు.
"శుక్రవారానికల్లా నడవాలి. లేదంటే కఫం చేరి న్యుమోనియా వస్తుంది. ఇక బాకా సంగతి మర్చిపోండి" అన్నారు డాక్టరు. నడక నేర్పే ఫిజియో అమ్మాయి బతిమాలింది. కూతురు ఏడ్చింది. ఊహూఁ.
నిజం రాయాలి. బీపీ చూస్తుంటే "అక్కా, నేను పోతానా?" అన్నారు. "మాట్లాడకండి, బీపీ తప్పొస్తుంది" అన్నాను. అది పలకడం కాదు. సూచన.

మార్చి 6
మూడుసార్లు "ఊఁ" అన్నాను. "ఊఁ" మాట కాదు.

మార్చి 7, శుక్రవారం
10.20. బీపీ బండి తోసుకుంటూ ఆరో మంచం దాటాను.
"అక్కా!"
పలకలేదు.
"అక్కా, నీళ్ళు!"
నీళ్ళు ఆయన బల్ల మీదే ఉన్నాయి.
"ఏయ్ అక్కా! చెవుడా నీకు?"
వరండాలోకి వచ్చేశాను. వెనక చెప్పుల చప్పుడు. తలుపు అద్దంలో చూద్దును కదా, దిండు గుండెకు హత్తుకుని మాస్టారు! అడుగు, ఆయాసం, తిట్టు. అడుగు, ఆయాసం, తిట్టు. ఆయన వెనకే చక్రాల కుర్చీతో ఫిజియో. పెదాల మీద వేలు పెట్టి, "పదండి, పదండి" అని నాకు చేత్తో సైగ.
నడిచాను. మందుల గది దాటాను. దేవుడా, నా పంతం సంగతి తర్వాత, ముందు ఆయన కాళ్ళు చూసుకో.
వరండా చివర గొంతు మారింది. "అక్కా... కాళ్ళు వణుకుతున్నాయే."
"వస్తున్నా తమ్ముడూ!"
నా నోటినుంచే వచ్చింది. పరుగున వెళ్ళి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను.
ఆయన వెనక్కి తిరిగి వరండా అంతా చూశారు. "ఇంత దూరం నేనే నడిచానా?"
"మీరు కాదు. మీ తిట్లు నడిచాయి."
నవ్వారు. దిండు హత్తుకోకుండానే.
మొక్కు మట్టికొట్టుకుపోయింది. ప్రార్థనలో తల ఎత్తలేదు.

మార్చి 9, ఆదివారం
మాస్టారు ఇంటికి వెళ్ళారు, లిఫ్టు దాకా నడిచి.
ఫిజియో నా దగ్గరికొచ్చింది. "అక్కా, పన్నెండో మంచం కూడా దిగట్లేదు. ఆ పలకని మొక్కు రేపట్నుంచి మళ్ళీ పట్టవా, ప్లీజ్!"
"అలాగేనమ్మా" అన్నాను.
రేపు ఉదయం 5.00. మొదటి రోజు. ఆ "అలాగేనమ్మా" లెక్కలోకి రాదు.