హాల్లో ఇటుకల పొయ్యి

ఫిబ్రవరి 2, ఆదివారం

లారీ అమ్మి ఇవాళ్టికి నెల. ఈ నెలలో మా ఆయన నోరు తెరిచి మొదటిసారి ఒకటి అడిగారు. హాల్లో ఫైర్‌ప్లేస్ కట్టించమన్నారు.

సాలూరులో!

ఫిబ్రవరి 3

కోపం తగ్గాక రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు లారీ తోలిన మనిషి. సుగర్ కళ్లకి పాకింది. లైసెన్స్ రెన్యువల్ కాలేదు. అప్పట్నుంచీ వీధిగదిలో గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. పిలిస్తే తింటారు, లేకపోతే లేదు. మాటలంటే ఊ, ఊహూ. మొన్న నేను స్కూలు నుంచి వచ్చేసరికి పొద్దున పెట్టిన టిఫిన్ ఈగలు ముసిరి అలాగే ఉంది. రోజూ ఇంటి తలుపు తియ్యాలంటే నాకు భయంగా ఉంటోంది. ఇది ఎవరికీ చెప్పలేను.

ఒకప్పుడు ఆపిల్ లోడుకి మనాలీ వెళ్లి, కొండచరియలు పడి నాలుగు రోజులు ఆగిపోయారు. ఓ ముసలాయన ఇంట్లో పెట్టుకున్నాడట. గోడలో పొయ్యి అక్కడ చూశారట. మనకెందుకండీ అంటే, సలేస్తన్నాదే అన్నారు. మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాను కింద.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఒప్పుకున్నాను. ఇద్దరు మేస్త్రీలు నవ్వి వెళ్లిపోయారు. చివరికి సూరయ్య దొరికాడు. బెల్లం వండే పొయ్యిలు కట్టడం అతని పని. ఏ పొయ్యికైనా మంటా, పొగగొట్టమే గదా టీచరమ్మా, నాను సూసుకుంటాను, నువ్వు బెంగెట్టుకోకు అన్నాడు.

సిమెంటయితే వేడికి పగులుతుందట. పుట్టమన్ను, ఊక, బెల్లం నీళ్లు కలిపి నానబెట్టాడు. ఇల్లంతా పులిసిన వాసన. అడిగిన మనిషి మాత్రం గదిలోంచి బయటికి రాలేదు.

ఫిబ్రవరి 23

నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలన్నాడు సూరయ్య. ఆ మూల ఉన్న టీవీ ఇప్పుడు నా మంచం పక్కకి వచ్చింది.

మార్చి 2, ఆదివారం

కట్టడం అయింది. కొత్త పొయ్యి కదా, పాలు పొంగించాలి. గోడలో పొయ్యికి గిన్నె ఎక్కడ పెడతాం? లోపల మూడు ఇటుకలు పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి వెలిగించాను. రెండు నిమిషాల్లో పొగంతా హాల్లోకి వచ్చేసింది. పక్కింటి తవిటమ్మ ఇల్లు అంటుకుందనుకుని బిందెతో పరిగెత్తుకొచ్చింది. పాలు పొంగలేదు, పొగచూరాయి. నాకు ఏడుపొచ్చింది. ఇదీ పోయింది, ఇక ఈయన లేవరు అనుకున్నాను.

అంతలో గది తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని వచ్చారు. సైలెన్సర్ మూసేసి బండి తోల్తావేటిరా ఒరే, అని సూరయ్య మీద విరుచుకుపడ్డారు. రెండు నెలలయింది ఆ గొంతు విని. తవిటమ్మ బెదిరిపోయి బిందె దింపేసింది. నేను మాత్రం ఇంకా తిట్టండి, ఇంకా తిట్టండి అనుకున్నాను.

మార్చి 3

తప్పు దొరికింది. బెల్లం పొయ్యి మీద పెద్ద పెనం మూతలా కూర్చుంటుంది. వేరే దారి లేక పొగ వెనక అడుగునున్న కంతలోంచి గొట్టంలోకి పోతుంది. సూరయ్య ఇక్కడా కంత అడుగునే పెట్టాడు. ఇక్కడ పెనం లేదు, ముందంతా తెరిచే ఉంది. పొగ పనిగట్టుకుని కిందికి ఎందుకు దిగుతుంది? పెనం సంగతి మర్సిపోనాను బావా, అని తల గోక్కున్నాడు.

మార్చి 9, ఆదివారం

ఆయన పొయ్యి ముందు స్టూలేసుకుని కూర్చుంటున్నారు. చూపు మసక కాబట్టి కొలతలన్నీ చేత్తోనే. మనాలీలో ఆ పొయ్యిలోకి తల దూర్చి మరీ చూశారట. వెనక గోడ ముందుకి వాలాలి, పైన గొంతు సన్నబడాలి, ముందు నోటి పైఅంచు మూడు ఇటుక వరసలు కిందికి దిగాలి. వరస పడగానే లోపల అగరొత్తి వెలిగించి, వేళ్లు చాపి పొగ ఎటు పోతోందో చూస్తారు. నచ్చకపోతే పీకించేస్తారు. మీ ఆయన్తో ఏగలేకపోతన్నాను టీచరమ్మా అని సూరయ్య మొర.

ఇద్దరూ రోజంతా కొట్టుకుంటూనే ఉన్నారు. ఇంట్లో హాయిగా ఉంది.

మార్చి 16, ఆదివారం

పొగ పైకి పోయింది! బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు. మంట ముందు పది నిమిషాలు కూర్చుని, చెమటలు కారిపోతుంటే అందరం వీధిలోకి పారిపోయాం. ఆయన నవ్వారు. 

మళ్లీ డిసెంబరు దాకా ఆ పొయ్యితో పనిలేదు. రేపు ఈయన ఏం చేస్తారు?

మార్చి 18

గోడవైపు తిరిగి పడుకున్నారు.

మార్చి 20, గురువారం, సాయంత్రం 6.40

స్కూలు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. వీధిగది కిటికీలోంచి తొంగి చూశాను, లోపల ఎవరూ లేరు. తవిటమ్మ వచ్చి చెప్పింది. పాచిపెంట దాటాక కొండమీద ఎవరో హోమ్‌స్టే కట్టారట, అక్కడి ఫైర్‌ప్లేస్ పొగ చిమ్ముతోందట. నువ్వొచ్చి సెయ్యెట్టి సూడాల బావా అని సూరయ్య వస్తే, ఇద్దరూ పదింటి బస్సుకి పోనారంది. నాకు ఒక ఫోన్ లేదు, చీటీ లేదు. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

రెండు గంటలుగా గుమ్మంలో కూర్చున్నాను. ఇది పిల్లల నోట్‌బుక్ వెనక అట్ట మీద రాస్తున్నాను. ఆకలి దంచేస్తోంది. ఇంకో గంట రాకపోయినా ఫర్వాలేదు.