ఫ్యాన్లు ఆడపిల్లలకు, బోరు మోటార్లు మగపిల్లలకు

ప్రొద్దుటూరు,
ఆదివారం

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు సుబ్బలక్ష్మి మొక్కి రాస్తున్న జాబు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావేమో. ఫోన్లో అయితే సగంలోనే అరుస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

ఇక్కడి ఎండ మన సింహాద్రిపురం ఎండకు తీసిపోదు. కాకపోతే నీడకు మన తోటలోలాగా ఒక్క చీనీ చెట్టు లేదు, రోజంతా రేకుల షెడ్డులోనే పని. హాస్టల్లో అన్నం, నీళ్ళ సాంబారు. సంగటి మీదికి ప్రాణం లాగుతోంది. నా గదిలో జమ్మలమడుగు పిల్ల మాబున్నీ ఉంది. అది లేకపోతే మొదట్లోనే ఏడ్చుకుంటూ బస్సెక్కేదాన్ని. ఇప్పుడు ఏడవడం లేదని అమ్మకు చెప్పు.

ఈ శిక్షణ కేంద్రం దాతల డబ్బుతో నడుస్తుందని నీకు తెలుసు. పెదనాన్న దీన్ని సత్రం చదువని ఎగతాళి చేసినా నువ్వే సంచి మోసి నన్ను బస్సెక్కించావు. మన బోరు మోటారు కాలిన ప్రతిసారీ పులివెందులకు మోసుకుపోయి, అది బాగై వచ్చేలోపల చెట్లు ఎండిపోవడం చూడలేకే కదా నేను మోటార్లకు తీగ చుట్టే ఈ వైండింగు నేర్చుకుంటానన్నది! తీరా వస్తే ఇక్కడ ఆడపిల్లలకు ఫ్యాన్లు, మిక్సీలు. బోరు మోటార్లన్నీ మగపిల్లలకు. ఎందుకని అడిగితే బరువంటారు. పేడ గంపలు, చీనీకాయల గోతాలు మోసేటప్పుడు ఆ బరువు ఎవరికీ గుర్తు రాలేదు. మగపిల్లలు అన్నానికి పోయినప్పుడల్లా కొంచెం కొంచెంగా నేనూ మాబున్నీ పాత బోరు మోటారొకటి విప్పి, తీగ చుట్టి చూశాం. వేళ్ళు కోసుకుపోయాయి గానీ మోటారు తిరిగింది.

మొన్న దాతలు వచ్చారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా ఒక పిల్ల మైకు ముందు నిలబడి తన కష్టం చెప్పుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఈసారి వంతు నాది. కేంద్రం నడిపే మేడం నాకు మాటలు నేర్పించింది: మా ఇంట్లో పొయ్యి వెలగని రోజులున్నాయట, దాతలు పెట్టిన ముద్దతోనే బతికామట. అన్నా, కరువులో కూడా అమ్మ గడప ముందుకొచ్చిన వాళ్ళను వట్టి చేతులతో పంపలేదు. ఆ తల్లి పొయ్యిని నేను మైకులో ఆర్పాలా? నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకే లేచి ఇట్లా అన్నాను: "సార్, మీ దుడ్లతో పని నేర్చుకుంటాండాం, ఆ మేలు మరవం. కానీ మా ఇంట్లో ఏపొద్దూ పొయ్యి ఆరలేదు. నేను ఆకలికి రాలేదు, మోటార్లు చుట్టడం నేర్చుకునేదానికి వచ్చినా. ఈడ చూస్తే ఆడపిల్లోళ్ళకు ఫ్యాన్లే ఇస్తాండారు. మాకూ బోరు మోటార్లు ఇయ్యండి."

మాబున్నీ ఒక్కటే చప్పట్లు కొట్టింది. దాతల్లో బట్టల అంగడి పెద్దాయన ఒకరు, "యాడ పిల్లవమ్మా నువ్వు?" అని అడిగి, మేడం వైపు తిరిగి, "ఈ పాప చెప్పేది నిజమేనా?" అన్నారు. మేడం నవ్వేసి, ఆడపిల్లలతో ఆ పని కాదని చెప్పింది. ఈ సంగతి తేల్చడానికి శుక్రవారం మళ్ళీ వస్తామని ఆయన లేచారు.

వాళ్ళ కార్లు కదిలాయో లేదో మేడం నా మీద విరుచుకుపడింది. "అన్నం పెట్టినోళ్ళ ముందర మా పరువు తీస్తావా? శుక్రవారం మీ ఇంటి పెద్దోళ్ళను పిల్చకరా. వాళ్ళు అందరి ముందర తప్పయిందని చెప్తేనే నీకు సీటు. ల్యాకపోతే పెట్టె సర్దుకో" అంది.

తప్పు చేయలేదు, చెప్పను. నువ్వు మాత్రం శుక్రవారం రా అన్నా. తప్పయిందని చెప్పడానికైతే బస్సు చార్జీలు దండగ. కొట్టంలో పడి ఉన్న మన కాలిన మోటారును ఆటోలో వేసుకొని రా. దాతల ముందరే నేనూ మాబున్నీ దాన్ని విప్పి తీగ చుడతాం. ఒక పూటలో అయ్యే పని కాదు, ఓపికున్నవాళ్ళు కూర్చుంటారు. తిరిగితే దాతల ముందర మేడం ఎట్లా కాదంటుంది, సీటు నాది. తిరగకపోతే అదే ఆటోలో నేనూ మోటారూ ఇంటికొస్తాం.

వదినను కాస్త చెనక్కాయల పొడి పంపమను, మాబున్నీకి కూడా కలిపి. అమ్మ కాళ్ళకు మొక్కినానని చెప్పు. పెదనాన్నకూ నా నమస్కారాలు, ఎగతాళి చేసినా పెద్దవాడే కదా. నన్ను దీవించు. కోపమొచ్చి దీవించకపోయినా సరే, మోటారు మాత్రం మరిచిపోవద్దు.

ఇట్లు,
నీ మొండి చెల్లెలు
సుబ్బలక్ష్మి