మార్ఫత్ కైలాసం

ఛత్రినాక,
ఆదివారం

మా ఇంద్రజక్కకు,

చెల్లెలు మహేశ్వరి రాస్తున్నది. ఫోన్ చేద్దామంటే ఇక్కడ మా అత్తమ్మ చెవి, అక్కడ సోలాపూర్‌లో మీ ఇంటి నిండా మనుషులు. నా రాతలో తప్పులుంటే నవ్వకు. నీ దగ్గరున్న అమ్మకు చదివి వినిపించు.

జగదీశ్వర్ మామకు ఇక నయం కాదట. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారు. గుడిమల్కాపూర్ వెళ్లి చూసి వచ్చాను. పూల మార్కెట్‌లో బస్తాలు మోసిన మనిషి ఇప్పుడు తనంతట తాను లేచి కూర్చోలేడు. "అక్క వస్తదా బిడ్డా?" అని అమ్మ గురించి ఒక్కటే అడిగాడు. "బాపు ఇల్లు అమ్ముకొని తిన్నోని మొఖం చూడ" అని అమ్మ అనడం మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా.

కైలాసం తాతకు ఛత్రినాకలో సొంత ఇల్లుండేదని అమ్మ నా పెళ్లిలో కూడా అందరికీ చెప్పింది. ఆ మాట పట్టుకొని మా అత్తమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నిన్న చుట్టాల ముందు, "మా కోడలు ఇంటి మాలిక్‌ల మనుమరాలు. ఇల్లు ఏడుందని మాత్రం అడగకుండ్రి, దానికే తెల్వది" అన్నది. అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్లిపోయాను.

ఈ ఇల్లు మా ఆయన పేరు మీదికి మార్చడానికి మునిసిపల్ ఆఫీసులో పాత ఇంటి పన్ను రిజిస్టర్లు తీయించాలి. నేనూ వెళ్తాను. మన ఇంటిది కూడా వెతికిస్తాను. నంబరు తెలియదు కాబట్టి, ఇరుగుపొరుగు ఎవరుండేవారో అమ్మను అడిగి పేర్లు పంపు. ఇల్లు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో తెలిస్తే, మామ అమ్మలేదని తేలవచ్చు. అప్పుడైనా అమ్మ వస్తుందేమో.

నీ మహేశ్వరి

*

ఛత్రినాక,
గురువారం

అక్కా,

ఇది ముందు నువ్వొక్కదానివే చదువు.

ఒక పక్క దర్జీ డానియేలు, ఇంకో పక్క గుడి పూజారి శ్రీపాద అని అమ్మ చెప్పిందని రాశావు కదా. ఇద్దరూ రిజిస్టర్‌లో ఉన్నారు. వాళ్ల మధ్య ఉన్నదే మన ఇల్లు. కానీ అంతా ఉర్దూ. ఫోటో తీసుకొచ్చి, మా గల్లీలో ఉర్దూ పంతులుగా చేసిన ఖాజా సాహెబ్‌కు చూపించాను. ఆయన "కైలాసం" అని చదవగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మా తాత, సాబ్" అన్నాను.

"ఠైరో బేటీ, ఆగు. పేరుకు ముందు మార్ఫత్ అని ఉంది. మాలిక్ అని రాసే కాడ రమాబాయి, బేవా అని ఉంది. మొగడు పోయినామె. మార్ఫత్ అంటే ఆయన చేతుల మీదుగ అని. పైసలు ఆమెవి, తీస్కపోయి కట్టింది మీ తాత."

ఏ ఏడాది చూసినా అదే మాట. ఆమె తర్వాత ఆమె తమ్ముడి కొడుకు పేరు, ఆ తర్వాత కొన్నవాళ్ల పేరు. మాలిక్‌గా మన వాళ్ల పేరు ఎక్కడా లేదు.

మామ దగ్గరికి పోయి చెప్పాను. దగ్గుతూ నవ్వాడు. "దొరికిందా? ఆ రమాబాయమ్మ గడప దాటకపోతుండె. బాపు ఉతికిన ధోతి కట్టుకొని పోయి, వచ్చినంక 'మన ఇంటి పన్ను కట్టొచ్చిన' అంటుండె. పన్ను కట్టెటోడే మాలిక్ అనుకుంది అక్క. అక్క పెండ్లి అయినంక ఆయమ్మ తమ్ముని కొడుకు మమ్ముల ఖాళీ చేయిస్తే, నేనే అమ్ముకున్న అనుకుంది."

"మరి దొంగ అనిపించుకుంట ఎందుకున్నవ్ మామా?"

"అత్తగారింట్ల అక్కకు ఉన్నది గదొక్క మాటనే గద బిడ్డా. నౌకరు బిడ్డ అని తెలిస్తే బతకనిస్తుండిరా? నన్ను తిట్టుకుంటే నాకేమైతది. నువ్వు చెప్పకు."

చెబితే అమ్మకు బాపు ఇల్లు పోతుంది. చెప్పకపోతే తమ్ముడు పోతాడు. నాకు తోచడం లేదు. నువ్వు పెద్దదానివి. చదివి వినిపిస్తావో, చింపేస్తావో నీ ఇష్టం.

మహేశ్వరి

*

ఛత్రినాక,
మామ దశదినం మరునాడు

అక్కా,

నువ్వు చదివి వినిపించి మంచి పని చేశావో, చెడ్డ పని చేశావో నేను చెప్పలేను. అమ్మ వచ్చింది, మామను ప్రాణంతో చూసింది. అది మాత్రం నిజం.

మేము వెళ్లేసరికి గది నిండా చుట్టాలు. అమ్మకు అంతా తెలుసని మామకు తెలియదు. చేయి పట్టుకొని, "అక్కా, ఇల్లు నేనే అమ్ముకున్న. మాఫ్ చెయ్" అన్నాడు. నేను నోరు తెరవబోతే అమ్మ నా మణికట్టు నొక్కి పట్టింది. "చేసిన రా" అన్నది. తెల్లారి మామ పోయాడు.

ఎందుకట్లా అన్నావని తర్వాత అడిగాను. "పొయ్యేటోని మాట కాదంటరానె?" అన్నది, అంతే.

కానీ ఆ మాట గదిలో ఉన్నవాళ్లంతా విన్నారు. నిన్న భోజనాల దగ్గర ఒకాయన, "ఆఖరికి ఒప్పుకుండు పాపం, అక్క సొమ్ము తిన్నోడు" అన్నాడు. వడ్డిస్తున్న మామ కొడుకు అచ్యుత్ గరిటె కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. అమ్మ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. మా అత్తమ్మ కూడా ఆ బంతిలోనే ఉంది.

"నా తమ్ముడు ఏం అమ్మలే. ఆ ఇల్లు మాది కానే కాదు. మా బాపు ఆడ నౌకరు. కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, వాకిలి ఊడ్చి మమ్ముల సాదిండు. అబద్ధం చెప్పుకుంట తిరిగింది నేను. వాడు కాదు."

అత్తమ్మ నా వైపు చూసి, "ఓహో" అని సాగదీసింది.

ఈ మాట మీ అత్తగారింటికి కూడా వస్తుంది అక్కా. అది రాకముందే నీకు రాయమని అమ్మ అన్నది.

ఇక్కడ అప్పుడే మొదలైంది. పొద్దున్నే అత్తమ్మ, "నౌకరు మనుమరాలా, వాకిలి ఊడ్చినవా?" అన్నది. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. "ఊడ్చిన అత్తమ్మా. మా తాత కూడ మంచిగ ఊడుస్తుండెనట" అన్నాను. ఆమె కొంగు విసురుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయింది.

మా ఇంట్లోనే ఉన్న అమ్మ ఏడుపు వెనక గదిలోంచి వినిపించింది. మామను తీసుకుపోయేటప్పుడు కూడా అమ్మ గొంతెత్తి ఏడవలేదు అక్కా. ఇప్పుడు ఏడుస్తున్నది. తమ్ముడి కోసమో, బాపు కోసమో నేను అడగలేదు.

నీ చెల్లెలు,
కైలాసం మనుమరాలు మహేశ్వరి