ఆ ఫోన్ సంతకు పోనివ్వకు

అమ్మా, అన్నయ్య నీ పాత ఫోన్‌లో సిమ్ తీసేశాడని, శుక్రవారం సంతలో అమ్ముతాడని వ్యాను నడిపే బషీర్ మామ చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. అమ్మనివ్వకు.

మన ఊళ్లకు వచ్చే ఆసుపత్రి బండికి పేరు నమోదు చేసుకునే వెబ్‌సైట్‌ను రకరకాల బ్రౌజర్లలో తెరిచి చూడటం ఇప్పుడు నా పని. నీ ఫోన్‌లాంటి పాతవాటిలో "పంపు" బటన్ తెర ఎడమ అంచు దాటి మాయమవుతుందని నా భయం. చెబితే మా సారు నవ్వారు. "అంత పాత ఫోన్లు ఇంకెక్కడున్నాయి తల్లీ, మ్యూజియంలోనా?"

"మా అమ్మ చేతిలో సార్."

"అయితే పట్టుకురా. కళ్లారా చూస్తే సైట్ ఆపిస్తా."

మోకాలి నొప్పి తగ్గిందా? హరీసా మిరప పచ్చడి కూడా కాస్త పంపు, ఇక్కడిది కారమే లేదు. నాన్నకూ నీకూ నుదుటి మీద ముద్దులు. మంగళవారం సైట్ తెరుస్తారు. సోమవారం పొద్దుటికల్లా ఫోన్‌తోపాటు జవాబు అందాలి. లేకపోతే అలాంటి ఫోన్ నుంచి ఆ సైట్‌లో నీ పేరే ఎక్కదమ్మా.

నీ కూతురు హైఫా, స్ఫాక్స్ పట్నం నుంచి