పేరు చెప్పని సోదరి

జూన్ 3, మంగళవారం
ఐదో కీమో అయింది. కరీంనగర్ నుంచి ఇల్లు చేరేసరికి పొద్దు గుంకింది. ఆయనకు బొగ్గుబాయిలో సెకండ్ షిఫ్టు, ఈసారీ విమలే వెంట వచ్చింది. బస్సులో నా తల తన భుజం మీద పెట్టుకుంది. ఫైలు, మందుల చీటీలు, నీళ్ల సీసా... అన్నీ తన సంచిలోనే. "నువ్వు సూదికి చెయ్యి మాత్రం తెచ్చుకో అక్కా, మిగిలినయన్ని నేను తెస్త" అంటుంది.
ఇరవై రెండేళ్లుగా పక్క క్వార్టర్. ఒకే చర్చి, ఒకే నల్లా. సొంత చెల్లెలు ఉంటే ఇంత చేసేదా! దేవా, నీకు స్తోత్రం.

జూన్ 5
వాంతులు. నోట్లో ఇనుము రుచి. ఎదురు క్వార్టర్ లచ్చక్క మక్క గట్క తెచ్చింది. ఆమె చర్చికి రాదు, సమ్మక్కకు మొక్కుతుంది. నా గుండు చూసి — "ఏందే, మాకు చెప్పకుంట వేములవాడ పోయి వెంట్రుకలిచ్చొచ్చినవా? మీ పాస్టరుకు చెప్త ఆగు!"
నవ్వితే కడుపు నొప్పి. అయినా నవ్వాను. రెండు ముద్దలు నిలిచాయి.

జూన్ 24
ఆరోది. ఆఖరిది. నర్సమ్మ సూది తీసి, చెయ్యి నిమిరి, "ఇగ మాకు కనవడకమ్మా" అంది.

జూలై 8, మంగళవారం
స్కానింగ్ రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు మమ్మల్ని పిలిచారు. నేను లేవబోతే విమల ఆపింది. "లోపల ఏసీ, సలి వెడ్తది. నువ్వీడనే కూసో." ఆయన, విమల వెళ్లారు. చాలాసేపు... బయటకు వచ్చి ఇద్దరూ నవ్వారు. "అంతా మంచిగనే ఉంది. బలానికి ఇంకొన్ని సూదులు ఇస్తరట, గంతే." ఆయన ముఖం కడుక్కొస్తానని వెళ్లి ఆలస్యంగా వచ్చాడు.
దారి పొడుగునా స్తోత్రాలు చెప్పుకుంటూనే ఉన్నాను.

జూలై 11, శుక్రవారం
విమల ఇంట్లో స్త్రీల ఉపవాస ప్రార్థన. నేను వస్తాననుకోలేదట. గడపలో నన్ను చూసి అందరూ లేచారు. "ముసురుల ఎందుకొచ్చినవ్ అక్కా, పండుకోరాదు?" అంది విమల. పండుకుని పండుకుని విసుగొచ్చింది అన్నాను.
పాస్టరమ్మ బైబిలు మూసి చెప్పింది — "ఇయ్యాల ఒక సోదరి కోసం అడుగుదాం. రోగం కాలేయానికి పాకిందట. ఆమెకింక తెల్వదు. పేరు చెప్పద్దన్నరు." మా కూడికలో ఇది మామూలే. పేరు చెప్పుకోలేని బాధలు ఉంటాయి. ఎవరని అడగకూడదు. దేవునికి తెలుసు అని మోకరిస్తాం.
నాకు ఏడుపు ఆగలేదు. నేను గట్టున పడ్డాను, పాపం ఆ తల్లి ఇంకా నడినీళ్లలో ఉంది... మోకాళ్లు మండుతున్నా లేవలేదు. ఆమెకు తోడెవరూ లేకపోతే నన్ను పంపు ప్రభువా, సూది వేసేటప్పుడు చెయ్యి పట్టుకుంటాను అని అడిగాను. చుట్టూ ఆడవాళ్లు నాకంటే ఎక్కువ ఏడ్చారు. విమల మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లింది.

జూలై 13, ఆదివారం
సాక్ష్యం చెప్పాను. నలుగురిలో గొంతు పెగలని దాన్ని, మైకు పట్టుకున్నాను! "ఆరు కీమోలు అయినయి. ప్రభువు నన్ను స్వస్థపరిచిండు" అన్నాను. ఎప్పుడూ రేకులు అదిరేటట్టు హల్లెలూయా చెప్పే జనం ఇవాళ మెల్లగా అన్నారు. నా నీరసం చూసి జాలి కాబోలు. విమల తల ఎత్తనే లేదు. కళ్లు తుడుచుకుంటోంది — సంతోషం.

జూలై 16
బట్టలు నేనే పిండి ఆరేశాను. ఓపెన్‌కాస్టు గని దుమ్ము పడి మళ్లీ పిండాల్సి వచ్చింది. అదీ బాగానే అనిపించింది.

జూలై 22, మంగళవారం
బలం సూదులకు కంపెనీ దవాఖానలో రెఫరల్ లెటర్ రాయించాలి. ఆయన ఫస్ట్ షిఫ్టు. విమల మంచిర్యాలలో వాళ్ల అన్న ఇంటికి వెళ్లింది. నడవగలుగుతున్నాను కదా అని నేనే బయల్దేరాను. విమల కూతురిని అడిగి ఫైలు తీసుకున్నాను.
కౌంటర్ అమ్మాయి కాగితం చూసి "కీమోకే గదా అమ్మా? కొత్త మందు, మళ్ల ఆరుసార్లు" అంది. కాదు బిడ్డా, బలానికి అన్నాను. ఆమె నన్ను చూసింది. కాగితం చూసింది. మెల్లగా స్టాంపు వేసింది.
బెంచీ మీద కూర్చొని ఫైలు తెరిచాను. నాది పదో తరగతి ఇంగ్లీషు. పెద్ద మాటలు తెలియలేదు. 'లివర్' తెలిసింది. తేదీ తెలిసింది — స్కానింగ్ నాటిదే.
కాలేయం.
ఆ శుక్రవారం ప్రార్థన... ఆ సోదరి.
నేనే. నా కోసం నేనే ఏడుస్తుంటే వాళ్లంతా చూస్తూ కూర్చున్నారు.

జూలై 23
ఆయనకు అన్నం పెట్టి, పళ్లెం పక్కన ఫైలు పెట్టాను. ముద్ద కలిపిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. పళ్లెం పక్కకు జరిపి అన్నాడు —
"బాయిల రూఫ్ కూలే ముందుగాల చప్పుడు జేస్తే కొత్త పోరగాండ్లకు చెప్పం కరుణా. చెప్తే ఆగమాగమై ఉరుకుతరు, కిందవడ్తరు. ఛాయ్ తాగొద్దాం పాండ్రి అని మెల్లగ అవుతలికి తోలుకొస్తం. గట్లనే అనుకున్న..."
"నేను కొత్త పోరగాన్నా? నువ్వు బాయిలకెళ్లి వచ్చేదాక ఇరవై తొమ్మిదేండ్లు ఈ గడపల కూసున్న. నాకు భయం నేర్పాల్నా?"
ఇంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. అన్నం కుక్కకు వేశాను.

జూలై 24
విమల వచ్చింది. గడప దాటలేదు.
"నీ ధైర్యం పోతదని అక్కా... ధైర్యంగుంటెనే మందు పనిజేస్తదంటరు గదా."
"ఎంతమందికి తెలుసు?"
చెప్పులు విడిచింది, మళ్లీ తొడుక్కుంది.
"నేను మైకు పట్టుకున్ననాడు ఎంతమందికి తెలుసు విమలా?"
"...అందరికి."
"ఒక్కలన్న నా కొంగు గుంజి కూసుండవెట్టకపోయిరి."
ఏడ్చింది. నాకు ఓదార్చబుద్ధి కాలేదు. నేనింత రాయినా!
రోగం దాచారు, సరే. కానీ దేవుని సన్నిధిలో నాతో అబద్ధం చెప్పించారు. కడుపులో ఉన్నదానికంటే అదే మండుతోంది.

జూలై 25
లచ్చక్క తనంతట తానే వచ్చింది. నిన్న మా మాటలు వినేదాకా ఆమెకు తెలియదట. "నాకెందుకు చెప్తరే? చెప్తే ఆగుతనా? బజార్ల నిలవడి మొత్తుకుందును!" పక్కన కూర్చుంది. నా ఏడుపు చూసి కసిరింది — "గదేం ఏడుపే, పిల్లి కూసినట్టు? గట్టిగ ఏడు." తర్వాత మెల్లగా — "ధైర్యంగుండు అని మాత్రం నేననను. భయమైతే అయితది. భయంతోనే పోదాం దవాఖానకు."
రెండేళ్ల పాపలాగా ఏడ్చాను.

జూలై 26
మళ్లీ ఆరు. చేతి నరాలు నల్లబడి ఉన్నాయి. వెళ్లాలా అసలు...

జూలై 27, ఆదివారం
"సాక్ష్యాలు ఎవలన్న ఉన్నరా?" అని పాస్టరుగారు అడిగారు. లేచాను. మైకు వద్దన్నాను.
"రెండు వారాల కింద నేను చెప్పింది నిజం కాదు. నాకు తెల్వక చెప్పిన. తెలిసినోళ్లు మీరు ఊకున్నరు. ఆనాడు మీరు ప్రార్థన చేసిన సోదరిని నేనే. నాకు పేరున్నది. ఇగ నుంచి పేరు వెట్టి అడుగుండ్రి."
ఆరాధన అయ్యాక పాస్టరమ్మ చేతులు పట్టుకుంది. "మమ్ముల క్షమించు సోదరీ..." కరుణ అనండమ్మా అన్నాను.
విమల చర్చికి రాలేదు. ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి.

జూలై 28
వెళ్తాను. రేపే మొదటి సూది. బతకాలని ఉంది, అంతే. డాక్టరు గారి గదిలోకి నేనే వెళ్తాను. ఎంత పాకింది, మందు ఎంత పనిచేస్తుంది, పనిచేయకపోతే ఏమిటి — నేనే అడుగుతాను. ఆయన సెలవు పెట్టాడు. విమలకు నేను చెప్పలేదు, ఆయన్నీ చెప్పొద్దన్నాను.

జూలై 29, మంగళవారం, తెల్లవారుజాము
"అక్కా" అని వాకిట్లోంచి విమల ఒక్కసారి పిలిచింది. మళ్లీ పిలవలేదు.
కిటికీలోంచి కనిపిస్తోంది. ముసురు పడుతోంది. సజ్జ కిందకైనా రాకుండా అక్కడే నిలబడింది. తారీఖు ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.
ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ "తలుపు తియ్యవా?" అన్నాడు.
"రాస్తున్న."
"ఆటో వస్తది."
"రానియ్."
క్షమించాలని తెలుసు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదే, రాత్రి అడిగినదీ అదే. క్షమించినదాన్ని మళ్లీ పక్క సీట్లో కూర్చోబెట్టుకోవాలా — అది నాకెవరూ నేర్పలేదు. ఆమె లేకుండా ఆ సూది కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు కూడా...
ఆటో వచ్చింది. డ్రైవరు ఎంతమంది అని అడుగుతున్నాడు. ఆమె మా తలుపు వైపు చూస్తోంది. ఆయన నా వైపు చూస్తున్నాడు.